కొడుకు ఇంట్లో అద్దెకుంటే సాయం వస్తుందా?

బ్రిటన్‌లో ప్రైవేటు ఇళ్ళలో అద్దెకుంటున్న తెలుగువారి నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే విషయం మీద ఉన్నాయి: ఇంటి అద్దెకు ప్రభుత్వం చేసే సాయం. తెనాలి నుంచి వచ్చిన నేను తూర్పు లండన్‌లోని ఒక కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) కార్యాలయంలో ఇరవై రెండేళ్ళు ఈ దరఖాస్తులే చూశాను. నాకు కౌంటరు దగ్గర ఎక్కువ బాధ కలిగించింది తిరస్కరించిన దరఖాస్తులు కావు. అడిగితే వచ్చేదాన్ని సిగ్గుపడి అడగకుండా, అప్పులు చేసి అద్దె కట్టి, చివరికి ఖాళీ చేయమన్న నోటీసుతో వచ్చిన మనవాళ్ళను చూడటమే. అందుకే ఉత్తరాలకు కొంచెం వివరంగానే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, నాకు 68 ఏళ్ళు, నా భార్యకు 61. ఇద్దరం బ్రిటిష్ పౌరులం. ఇల్ఫర్డ్‌లో రెండు పడకగదుల ఫ్లాట్‌కు నెలకు 1,600 పౌండ్లు కడుతున్నాం. ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి (24) మాతోనే ఉంటాడు. నేను పని మానేశాక హౌసింగ్ బెనిఫిట్ అడిగితే కౌన్సిల్ కుదరదంది. నాకంటే చిన్నవాడైన మా పక్కింటాయనకు మాత్రం వస్తోంది. నరసరావుపేటలో ముగ్గురన్నదమ్ములకు ఉమ్మడి ఇల్లు ఉంది. అందులో 74 ఏళ్ళ మా పెద్దన్నయ్య ఉంటున్నారు. పక్కనే కొంత ఖాళీ స్థలమూ ఉంది. ఇవి చెప్పాలా?

జవాబు: అన్నయ్యగారూ, కౌన్సిల్ మీకు అన్యాయం చేయలేదు. ఒకప్పుడు అద్దె సాయమంటే అందరికీ హౌసింగ్ బెనిఫిట్టే, ఇచ్చేది కౌన్సిలే. ఇప్పుడు కొత్తగా అడిగేవారిలో ప్రభుత్వ పింఛను వయసు దాటినవారికీ, తాత్కాలిక వసతిలోనో సంరక్షణతో కూడిన వసతిలోనో ఉన్నవారికీ మాత్రమే అది మిగిలింది. తక్కినవారికి అద్దె సాయం యూనివర్సల్ క్రెడిట్‌లో (ఆదాయం తక్కువైనవారికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) కలిసి వస్తుంది. మీరు పింఛను వయసు దాటారు, మీ ఆవిడ ఇంకా దాటలేదు. 2019 మే 15 నుంచి ఇలాంటి దంపతులు, ఇద్దరూ ఆ వయసుకు వచ్చేదాకా, యూనివర్సల్ క్రెడిట్‌కే వెళ్ళాలి. మీ పక్కింటాయనది ఆ తేదీకి ముందునుంచీ వస్తున్న పాత సాయం కావచ్చు.

కాబట్టి ఆలస్యం చేయకుండా ఇద్దరూ కలిసి ఆన్‌లైన్‌లో యూనివర్సల్ క్రెడిట్‌కు దరఖాస్తు పెట్టండి. మొదటి డబ్బు చేతికి రావడానికి ఐదు వారాలు పడుతుంది. ఆలోగా అద్దె కట్టలేకపోతే ముందస్తు సొమ్ము అడగవచ్చు కానీ, అది అప్పు. తర్వాత నెలనెలా కోసుకుంటారు. మీ ప్రభుత్వ పింఛనును పూర్తిగా ఆదాయం కింద లెక్కించి ఆ మేరకు తగ్గిస్తారు. మిమ్మల్ని పని వెతకమని అడగరు, మీ ఆవిడను అడుగుతారు. ఆవిడకు ఆరోగ్యం సరిగా లేకపోతే ఆ సంగతి దరఖాస్తులోనే రాయండి. తర్వాత చెప్పవచ్చులే అనుకుంటే నెలలు పోతాయి.

ఇక సాయం ఎంత అన్నది చూద్దాం. మీరు కట్టే 1,600 పౌండ్లు చూసి ఇవ్వరు. లోకల్ హౌసింగ్ అలవెన్స్ అని ప్రతి ప్రాంతానికీ ఒక పరిమితి ఉంటుంది. ఆ ప్రాంతంలో మీకు సరిపడే పరిమాణం ఉన్న వంద ఇళ్ళ అద్దెలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చారనుకోండి, ముప్పయ్యో ఇంటి అద్దె ఎంతో అదే మీ పరిమితి. అద్దె అంతకంటే తక్కువైతే అద్దె మేరకే లెక్క, ఎక్కువైతే మిగతాది మీ జేబులోంచే. 2008లో ఈ పద్ధతి దేశమంతటా పెట్టినప్పుడు వరుసలో యాభయ్యో ఇంటిని చూసేవారు. 2011లో దాన్ని ముప్పయ్యో ఇంటికి దించారు. ఆ ఏడాది ఒక్కో కుటుంబాన్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, 'ఇకమీదట మీకు వారానికి ఇంత తగ్గుతుంది' అని చెప్పాల్సి వచ్చింది. ఆ ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. పైగా ఈ పరిమితులు ఏటా అద్దెలతోపాటు పెరగవు. 2020లో ఒకసారి సరిచేసి నాలుగేళ్ళు అక్కడే ఆపేశారు. 2024 ఏప్రిల్‌లో మళ్ళీ సరిచేశారు, 2025లో మళ్ళీ కదల్చలేదు. అద్దెలు మాత్రం ఆగలేదు. ఇది తప్పని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

గదుల లెక్కలో దంపతులకు ఒకటి, పదహారేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ ఒకటి. అందువల్ల మీ ముగ్గురికీ రెండు పడకగదుల పరిమితి వర్తిస్తుంది. అయితే ఇంట్లో 21 ఏళ్ళు దాటిన అబ్బాయి ఉన్నాడు కనుక అతని వాటాగా నెలనెలా కొంత (2025-26లో అది 93.02 పౌండ్లు) తగ్గిస్తారు. అతను ఇంట్లో ఇచ్చినా ఇవ్వకపోయినా తగ్గిస్తారు. ఈ సంగతి అబ్బాయికి చెప్పి ఆ మాత్రమైనా ఇమ్మని అడగండి, మొహమాటపడకండి.

నరసరావుపేట ఆస్తి సంగతి తప్పకుండా చెప్పాలి. దాచవద్దు. మీ ఇద్దరి పొదుపూ ఆస్తీ కలిపి 16,000 పౌండ్లు దాటితే యూనివర్సల్ క్రెడిట్ రాదు. మన లెక్కలో అది సుమారు 18, 19 లక్షల రూపాయలు. 6,000 దాటిన తర్వాత ప్రతి 250 పౌండ్లకూ నెలకు 4.35 పౌండ్ల ఆదాయం ఉన్నట్టు లెక్కిస్తారు. కానీ భయపడకండి. పింఛను వయసు దాటిన దగ్గరి బంధువు తన సొంత నివాసంగా ఉంటున్న ఇంటిని లెక్కలోకి తీసుకోరు. అన్న దగ్గరి బంధువే. అంటే పెద్దన్నయ్య అక్కడ ఉన్నంతకాలం ఆ ఇల్లు మీకు అడ్డు కాదు. ఖాళీ స్థలం మాత్రం లెక్కలోకి వస్తుంది. అందులో మీ మూడో వంతును ఇప్పుడు అమ్మితే ఎంత వస్తుందో అంతే విలువ, అమ్మకం ఖర్చుల కింద అందులో పదో వంతు తీసేస్తారు. పంచుకోని ఉమ్మడి స్థలంలో ఒక వాటాను విడిగా కొనేవాళ్ళు అరుదు కాబట్టి దాని ధర కాగితం మీద కనిపించేంత ఉండదు. అక్కడి రిజిస్ట్రేషన్ విలువను మూడుతో భాగించి రాసేయకండి. ఊళ్ళో ధరలు తెలిసినవారి చేత మీ వాటాకు వచ్చే ధర ఎంతో రాతపూర్వకంగా తెప్పించుకుని జతచేయండి.

ప్రశ్న: ఆంటీ, నాకు 28 ఏళ్ళు, లెస్టర్‌లో ఉంటాను. శాశ్వత నివాస హక్కు ఉంది. మూడేళ్ళు చేసిన గోదాము ఉద్యోగం పోయింది. ఒక పడకగది ఫ్లాట్‌లో ఒక్కడినే ఉంటున్నాను. యూనివర్సల్ క్రెడిట్‌లో అద్దెకు ఇచ్చింది సగానికి కొంచెం పైగా ఉంది, అంతే. పొరపాటు జరిగిందా?

జవాబు: బాబూ, పొరపాటు కాదు. 35 ఏళ్ళు నిండని ఒంటరివారికి ఒక పడకగది ఇంటి పరిమితి ఇవ్వరు. ఇతరులతో వంటగది పంచుకునే ఇంట్లో ఒక గదికి ఎంతవుతుందో అంతే ఇస్తారు. 2012 జనవరి దాకా ఈ నిబంధన 25 ఏళ్ళ లోపువారికే ఉండేది. దాన్ని 35కు పెంచారు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి: వైకల్యానికి ఇచ్చే పిప్‌లో దైనందిన జీవన భాగం వస్తున్నవారు, నిరాశ్రయుల హాస్టల్లో కనీసం మూడు నెలలు గడిపినవారు, గృహహింస నుంచి బయటపడినవారు, ఇంకా కొందరు. ఇవేవీ నీకు వర్తించకపోతే ఆ మొత్తం సరైనదే.

నువ్వు వెంటనే చేయవలసినవి రెండున్నాయి. గత రెండు మూడేళ్ళలో తగినంత నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి కోసుకునే చందా) కట్టి ఉంటే న్యూ స్టైల్ జాబ్ సీకర్స్ అలవెన్స్ అనే నిరుద్యోగ భత్యం ఆరు నెలల దాకా వస్తుంది. ఆ మొత్తం యూనివర్సల్ క్రెడిట్‌లోంచి తగ్గుతుంది కానీ నీ పొదుపుతో సంబంధం లేకుండా వస్తుంది. రెండోది, అద్దెకూ సాయానికీ మధ్య ఉన్న లోటు కోసం కౌన్సిల్‌ను విడిగా అడుగు. వాళ్ళ దగ్గర దీనికోసం కొంత నిధి ఉంటుంది. ఇవ్వడం వాళ్ళ ఇష్టం, హక్కు కాదు. అందుకే దరఖాస్తులో నీ ఖర్చులన్నీ లెక్కపెట్టి చూపించు, ఉద్యోగం కోసం ఏమేం చేస్తున్నావో రాయి. ఊరికే 'ఇబ్బందిగా ఉంది' అని ఒక్క వాక్యం రాసిన కాగితాలు నేను వందలు చూశాను, వాటికి డబ్బు ఇచ్చేందుకు మా దగ్గర ఆధారం ఉండేది కాదు.

ఇంటి యజమానికి ఇప్పుడే చెప్పు. రెండు నెలలు బాకీ పడ్డాక చెబితే ఆయన మాట వినే స్థితిలో ఉండడు.

ప్రశ్న: నమస్కారమమ్మా. మా వారికి 72, నాకు 69. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాం, పౌరసత్వం ఉంది. ఇప్పుడు స్లౌలో అబ్బాయి ఇంట్లోనే ఉంటున్నాం. ఇల్లు ఇరుకైంది, మనవలు పెద్దవాళ్ళయ్యారు. అబ్బాయికి రెడింగ్‌లో ఒక పడకగది ఫ్లాట్ ఉంది, దానికి బ్యాంకు వాయిదా కడుతున్నాడు. మమ్మల్ని అందులో అద్దెకు ఉండమంటున్నాడు. కొడుకుకు అద్దె కడితే సాయం ఇస్తారా?

జవాబు: వదినగారూ, ఇప్పుడున్నట్టే కొడుకుతో ఒకే ఇంట్లో ఉంటూ అతనికి అద్దె కడుతున్నామంటే సాయం రాదు. విడి ఫ్లాట్ అయితే వచ్చే అవకాశం ఉంది. కొడుకు ఇల్లు అన్న ఒక్క కారణంతో కాదనడానికి వీల్లేదు. కానీ కౌన్సిల్ రెండు సంగతులు తేల్చుకుంటుంది: ఇది నిజమైన అద్దె ఒప్పందమా, లేక సాయం రాబట్టడానికే అల్లిందా?

అక్కడ ఒక ప్రశ్న వస్తుంది. నేనే ఎంతోమందిని అడిగాను. 'మీరు అద్దె కట్టకపోతే మీ అబ్బాయి మిమ్మల్ని ఖాళీ చేయిస్తాడా?'

కొన్నేళ్ళ కిందట మనవాళ్ళలోనే ఒక పెద్దాయన నా ఎదురుగా కూర్చుని ఉండగా ఈ ప్రశ్న అడగవలసి వచ్చింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తెలుగులో, 'అమ్మా, నా కొడుకు నన్ను వీధిలో పెడతాడని నా నోటితో చెప్పమంటావా?' అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. ఆ కొడుకు మంచివాడే. అద్దె ఒక్క నెల కూడా తీసుకోలేదు. బ్యాంకు కాగితాల్లో తండ్రి ఖాతా నుంచి ఒక్క పౌండు వెళ్ళినట్టు లేదు. దరఖాస్తు తిరస్కరించారు. ఆయన నిజమే చెప్పారు, కాగితాలూ నిజమే చెప్పాయి. ఆ సాయంత్రం నేను ఇంటికి బస్సులో వెళ్తూ, ఈ ప్రశ్నను మన పెద్దలకు ముందుగానే ఎవరైనా విడమరచి చెప్పి ఉంటే ఎంత బాగుండేదని అనుకున్నాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఆ ప్రశ్న మీ అబ్బాయి ప్రేమను పరీక్షించడానికి కాదు. అద్దె రాకపోతే అతనికి నష్టమా కాదా అని తెలుసుకోవడానికి. మీ విషయంలో ఫ్లాట్ మీద బ్యాంకు అప్పుంది. అద్దె ఆగితే వాయిదా కట్టలేక, బయటివారికి ఇవ్వవలసి వస్తుందన్నది నిజమైతే ఆ నిజాన్నే చెప్పండి. నిజం కాకపోతే చెప్పకండి. ఫ్లాట్‌లోకి వెళ్ళే ముందే అద్దె ఒప్పందం రాయించుకోండి. అద్దె ఆ వీధిలో మిగతావాళ్ళు కట్టేంత ఉండాలి. మొదటి నెల నుంచీ బ్యాంకు ద్వారా కట్టండి. అబ్బాయి ఆ అద్దెను తన ఆదాయపు పన్ను లెక్కలో చూపించాలి. ఇప్పటిదాకా ఉచితంగా ఉన్న తల్లిదండ్రులు ఇప్పుడెందుకు మారుతున్నారని అడుగుతారు. ఇల్లు ఇరుకైందనీ మనవలకు గది కావాలనీ మీరు నాకు రాసినట్టే రాయండి, అది బలమైన కారణం.

మీరిద్దరూ పింఛను వయసు దాటారు కనుక మీకు వచ్చేది హౌసింగ్ బెనిఫిట్టే, కౌన్సిల్‌కే దరఖాస్తు. పొదుపు 10,000 పౌండ్ల దాకా లెక్కలోకి రాదు. ఆపైన ప్రతి 500కు వారానికి ఒక పౌండు ఆదాయంగా చూస్తారు, 16,000 దాటితే ఇవ్వరు. దానికంటే ముందు పెన్షన్ క్రెడిట్ అడిగి చూడండి. దంపతుల వారపు ఆదాయం ఒక పరిమితి (2025-26లో అది 346.60 పౌండ్లు) కంటే తక్కువైతే ఆ మేరకు నింపుతారు. ఇలా నింపే 'గ్యారంటీ' భాగం వస్తే పై 16,000 పరిమితి కూడా వర్తించదు. పింఛను వయసువారికి మూడు నెలల వెనక నుంచి కూడా లెక్కగట్టి ఇచ్చే వీలుంది.

ఇదే ప్రశ్న వేరే పాఠకులకూ ఉండవచ్చు. తల్లిదండ్రులను పిల్లలు పోషిస్తామని రాతపూర్వకంగా హామీ ఇచ్చి వీసా మీద పిలిపించుకుని ఉంటే, ఐదేళ్ళు నిండే దాకా ఇవేవీ రావు.

ప్రశ్న: కోవెంట్రీ నుంచి రాస్తున్నాను. మా వారు సంరక్షకుడి ఉద్యోగానికి వీసా మీద వచ్చారు, నేనూ పిల్లలూ ఆయన మీద ఆధారపడి వచ్చాం. కంపెనీ పని గంటలు తగ్గించింది, అద్దెకు చాలడం లేదు. తెలిసినవాళ్ళు ఆన్‌లైన్‌లో యూనివర్సల్ క్రెడిట్ పెట్టేయమంటున్నారు, పది నిమిషాల పనేనంటున్నారు.

జవాబు: అమ్మా, పెట్టవద్దు. మీ వీసాలో ప్రభుత్వ నిధులు వాడుకోకూడదన్న షరతు ఉంది. హౌసింగ్ బెనిఫిట్, యూనివర్సల్ క్రెడిట్, కౌన్సిల్ పన్ను తగ్గింపు సాయం అన్నీ ఆ నిధుల కిందికే వస్తాయి. దరఖాస్తు పెట్టడం పది నిమిషాల పనే కావచ్చు, దాని ఫలితం మీ వీసా పొడిగింపు దగ్గరా, శాశ్వత నివాసం దగ్గరా ఎదురవుతుంది.

మీకు తలుపులన్నీ మూసి లేవు. నేషనల్ ఇన్సూరెన్స్ కట్టినందుకు వచ్చేవి ఆ నిషేధంలోకి రావు. ఆదాయం బాగా తక్కువైతే ఇంగ్లండులో పిల్లలకు బడిలో ఉచిత భోజనం అడగవచ్చు. పిల్లలు నిజంగా ఇల్లూ తిండీ లేని స్థితికి వస్తే 1989 బాలల చట్టం కింద కౌన్సిల్ పిల్లల విభాగం ఆదుకోగలదు. అదీ ప్రభుత్వ నిధుల కిందికి రాదు. అన్నిటికంటే ముందు, గంటలు తగ్గించడం వల్ల జీతం కంపెనీ ఇచ్చిన స్పాన్సర్‌షిప్ పత్రంలో రాసినదానికంటే పడిపోతే అది వీసాకే ప్రమాదం. గుర్తింపు పొందిన వలస సలహాదారును ఈ వారమే కలవండి. ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఏజెంట్లను కాదు.

ప్రశ్న: నేను ఒంటరిదాన్ని, 74 ఏళ్ళు. పెన్షన్ క్రెడిట్, హౌసింగ్ బెనిఫిట్ వస్తున్నాయి. డిసెంబరులో విజయవాడ వెళ్ళి, సంక్రాంతి చూసుకుని, ఫిబ్రవరిలో మనవరాలి పెళ్ళి అయ్యాక మార్చిలో రావాలని ఉంది. అద్దె సాయం ఆగుతుందా?

జవాబు: ఆగుతుందండీ. దేశం దాటి వెళ్తే నాలుగు వారాల వరకే హౌసింగ్ బెనిఫిట్ ఇస్తారు. మొదటి నాలుగు వారాలైనా వస్తుంది కదా అనుకోకండి. వెళ్ళేటప్పుడే మూడు నెలలని తెలిసిన ప్రయాణానికి మొదటి రోజు నుంచే రాదు. పెన్షన్ క్రెడిట్ కూడా నాలుగు వారాలకే. అక్కడ ఉండగా దగ్గరి బంధువు మరణించి వెంటనే రావడం సాధ్యం కాకపోతే ఎనిమిది వారాల దాకా, వైద్యం కోసమైతే 26 వారాల దాకా వెసులుబాటు ఉంది. పండక్కీ పెళ్ళికీ లేదు.

చెప్పకుండా వెళ్తే తెలియదని ఎవరైనా అంటే వినకండి. తెలిశాక తీసుకున్నదంతా వెనక్కి కట్టమంటారు. మీ వయసులో ఆ ఉత్తరం పట్టుకుని వచ్చినవాళ్ళు చేతులు వణుకుతూ నా ముందు నిలబడ్డారు. పెళ్ళి ముఖ్యం కనుక, ఫిబ్రవరిలో నాలుగు వారాలకు తక్కువగా టికెట్టు తీసుకోండి, వెళ్ళే తేదీ, వచ్చే తేదీ కౌన్సిల్‌కు ముందే రాసి ఇవ్వండి. సంక్రాంతి కూడా కావాలంటే మూడు నెలల అద్దె చేతిలో పెట్టుకుని వెళ్ళండి, తిరిగి రాగానే మళ్ళీ దరఖాస్తు పెట్టండి. మీరు ఒంటరివారు కనుక మళ్ళీ హౌసింగ్ బెనిఫిట్టే దొరుకుతుంది. భార్య వయసు తక్కువై, 2019కి ముందు నుంచి పాత సాయం తీసుకుంటున్న దంపతులైతే ఈ పని అస్సలు చేయకూడదు. ఒకసారి తెగితే మళ్ళీ అతకదు, యూనివర్సల్ క్రెడిట్‌కు పోవలసిందే.

ప్రశ్న: హౌన్స్‌లోలో నాకొక ఇల్లుంది, అద్దెకిచ్చాను. అద్దెకున్నావిడ యూనివర్సల్ క్రెడిట్ తీసుకుంటోంది, రెండు నెలలుగా అద్దె ఇవ్వడం లేదు. ఆ డబ్బు నేరుగా నాకు వచ్చే మార్గముందా? ఇకముందు సాయం మీద బతికేవాళ్ళకు ఇల్లు ఇవ్వకూడదనుకుంటున్నాను.

జవాబు: మార్గముంది. యూనివర్సల్ క్రెడిట్‌లో అద్దె డబ్బు మామూలుగా అద్దెకున్నవారి ఖాతాలోకే వెళ్తుంది. రెండు నెలల అద్దె బాకీ పడితే నేరుగా తనకు పంపమని యజమాని ఆన్‌లైన్‌లో అడగవచ్చు. హౌసింగ్ బెనిఫిట్‌లో అయితే ఎనిమిది వారాల బాకీ చూస్తారు. అద్దె ఒప్పందం, నెలవారీ బాకీ పట్టిక, మీ బ్యాంకు వివరాలు సిద్ధంగా పెట్టుకోండి. అడిగే ముందు ఆవిడతో ఒకసారి మాట్లాడండి. మొదటి ఐదు వారాల జాప్యంలోనే ఆవిడ చిక్కుకుని ఉండవచ్చు.

రెండో ఆలోచన మానుకోండి. సాయం తీసుకునేవారెవరికీ ఇవ్వమని గంపగుత్తగా తలుపు మూయడం సమానత్వ చట్టానికి విరుద్ధమని 2020 జులైలోనే యార్క్ కౌంటీ కోర్టు చెప్పింది. 2025 నాటి అద్దెదారుల హక్కుల చట్టం ప్రకారం ఇంగ్లండులో 2026 మే 1 నుంచి అలా నిరాకరించడం నేరుగానే నిషిద్ధం. అదే తేదీ నుంచి కారణం చెప్పకుండా రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయించడమూ కుదరదు, అద్దె ఏడాదికి ఒక్కసారే, రెండు నెలల ముందు నోటీసిచ్చి పెంచాలి.

నేరుగా మీకు వచ్చేది ఆవిడకు మంజూరైన అద్దె భాగం వరకే. మీ అద్దె దానికంటే ఎక్కువైతే మిగతాది ఆవిడే ఇవ్వాలి. నెలకు ఎంత, ఏ తేదీన అన్నది ఇద్దరూ కాగితం మీద రాసుకుని, పాత బాకీని చిన్న వాయిదాలుగా విడగొట్టి ఆ కాగితంలోనే చేర్చండి.